ఒప్పుకోని బాకీకి వసూలు ఫోన్లు: లెక్క ఒక చోట, ఒత్తిడి ఇంకో చోట

పంట రుణం మాఫీ అయిందనుకున్న రైతుకు బ్యాంకు నోటీసు వస్తుంది. ట్రాక్టర్ కిస్తీలన్నీ కట్టేశానని నమ్మకంగా ఉన్న మనిషికి ఇంకా నలభై వేలు ఉన్నాయంటూ ఫోన్ వస్తుంది. ఎప్పుడో వాడడం మానేసిన క్రెడిట్ కార్డు మీద బాకీ ఉందని, పేరు కూడా వినని సంస్థ ఒకటి మెసేజ్ పెడుతుంది. వరంగల్, హన్మకొండ, నర్సంపేట, భూపాలపల్లి వైపు ఇలాంటి ఫోన్ల సంగతి కొత్తేమీ కాదు. అప్పు ఇచ్చినవాళ్లు ఒక లెక్క చెబుతారు, కట్టాల్సినవాళ్లు ఆ లెక్కను ఒప్పుకోరు. మధ్యలో వసూలు ఏజెంటు నిలబడతాడు. గొడవంతా అతనితోనే నడుస్తుంది, కానీ లెక్క అతని దగ్గర ఉండదు.

క్లుప్తంగా

బాకీని సరిచేసే, రద్దు చేసే అధికారం వసూలు ఏజెంటుకు లేదు. అప్పు ఇచ్చిన సంస్థకు రాతపూర్వకంగా అభ్యంతరం చేరితేనే అది వివాదంగా నమోదవుతుంది. అలాంటి ఫిర్యాదును తేల్చకుండా బ్యాంకులు కేసును ఏజెంట్లకు అప్పగించకూడదని రిజర్వ్ బ్యాంకు 2008లోనే చెప్పింది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఖాతాదారుల ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దారి ఉంది. ఫోన్ల టెన్షన్ వదిలించుకోవడానికి తొందరపడి పెట్టే సంతకం మాత్రం ఒక్కోసారి కేసునే మార్చేస్తుంది.

వివాదం ఎక్కడ పుడుతుంది

ఈ ప్రాంతంలో ఎక్కువ గందరగోళం పంట రుణాల దగ్గరే. 2024 జులై, ఆగస్టు నెలల్లో రాష్ట్ర ప్రభుత్వం 2 లక్షల రూపాయల వరకు పంట రుణాలను విడతలుగా మాఫీ చేసింది. 2018 డిసెంబర్ 12 నుంచి 2023 డిసెంబర్ 9 మధ్య తీసుకున్నవి, రెన్యూవల్ అయినవి ఈ లెక్కలోకి వచ్చాయి. మాఫీకి కుటుంబాన్ని యూనిట్‌గా తీసుకున్నారు. భర్త పేరున ఒక బ్యాంకులో, భార్య పేరున ఇంకో బ్యాంకులో అప్పు ఉంటే రెండూ కలిపి చూశారు. మొత్తం 2 లక్షలు దాటితే పైసొమ్ము రైతే ముందుగా కట్టాలన్నారు.

ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలియదు. మాఫీ అంటే బ్యాంకు అప్పును వదిలేయడం కాదు, రైతు తరఫున ప్రభుత్వం కట్టడం. ప్రభుత్వ సొమ్ము ఆ ఖాతాలో జమయ్యే దాకా బ్యాంకు పుస్తకంలో బాకీ బాకీగానే ఉంటుంది, మిత్తి నడుస్తూనే ఉంటుంది. ఆధార్‌లో పేరు తేడా వల్లో, కుటుంబ వివరాలు కుదరకో జమ ఆగిపోతే, రైతు దృష్టిలో తీరిన అప్పు బ్యాంకు దృష్టిలో మొండి బాకీ అవుతుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. వాళ్లు చూస్తున్న పుస్తకాలే వేరు.

మహిళా సంఘాల్లో తంటా ఇంకో రకం. సంఘం పేరున వచ్చిన రుణంలో ఎవరు ఎంత తీసుకున్నారో తీర్మానాల పుస్తకంలో ఒకలా, చేతులు మారిన పైసలు ఇంకోలా ఉంటే, తీసుకోని సభ్యురాలికీ కట్టమనే ఒత్తిడి వస్తుంది. ఆ ఒత్తిడి ఏజెంటు నుంచి కాక పక్కింటి అక్క నుంచి వస్తుంది కాబట్టి ఎదురు మాట్లాడడం మరీ కష్టం.

గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వంటి సింగరేణి ఊళ్లలో జమానత్ సంతకాలు ఎక్కువ. నెల జీతం ఉన్నవాళ్లను చిట్టీకో లోనుకో ష్యూరిటీ అడగడం మామూలే. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జమానత్ ఇచ్చినవాడికీ అంతే. ముందు అసలు మనిషిని అడగండి అనే వాదన సాధారణంగా నిలవదు. అయితే కోర్టు డిక్రీ లేకుండా జీతం జప్తు కాదు. డిక్రీ వచ్చినా మామూలు అప్పుల విషయంలో జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోవడానికి లేదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతుంది.

ఏజెంటు చేతికి వచ్చేది ఒక్క వరుస

కిస్తీ తప్పిన రోజు నుంచి ఖాతాను రోజుల లెక్కన విడగొడతారు. 30 రోజుల లోపు, 60 లోపు, 90 లోపు అని మూడు మెట్లు. వసూలు భాషలో వీటిని బకెట్లు అంటారు. 90 రోజులు దాటితే మామూలు లోన్లు మొండి బాకీ కిందికి పోతాయి. పంట రుణాలకు మాత్రం రోజులు కాకుండా పంట కాలాలు లెక్క. తక్కువ కాలం పంటలకు రెండు సీజన్లు, ఎక్కువ కాలం పంటలకు ఒక సీజన్.

బకెట్ మారేకొద్దీ ఫైలు చేతులు మారుతుంది. మొదట కంపెనీ కాల్ సెంటర్, తర్వాత బయటి టెలికాలింగ్ ఏజెన్సీ, ఆ తర్వాత ఫీల్డ్ ఏజెంటు, చివరికి లీగల్. ఏజెంటుకు అందేది ఎక్సెల్ షీటులో ఒక వరుస: పేరు, ఫోన్ నంబరు, ఊరు, రావాల్సిన మొత్తం. ఆ మొత్తం ఎలా వచ్చిందో, అందులో బౌన్స్ చార్జీ ఎంతో, ఏ రసీదు జమ కాలేదో సాధారణంగా ఆ షీటులో ఉండదు. అతని ఆదాయం వసూలైన దాని మీద కమీషన్. వివాదం విని రాసుకుంటే అతనికి వచ్చేదేమీ లేదు.

ఒక నెల ఫోన్లో గంటసేపు వివరించి ఒప్పించినా మరుసటి నెల కొత్త గొంతు మళ్లీ మొదటి నుంచి అడగడానికి కారణం ఇదే. షీటు ఇంకో ఏజెన్సీకి పోయింది, చెప్పిన మాట మాత్రం పోలేదు. అరిచినా, బతిమాలినా, నంబరు బ్లాక్ చేసినా ఆ వరుస చెరగదు. దాన్ని మార్చగలిగేది షీటు తయారుచేసిన సంస్థ ఒక్కటే.

2008 నాటి ఒక నిబంధన

2008 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు వసూలు ఏజెంట్ల గురించి బ్యాంకులకు ఆదేశాలిచ్చింది. ఏజెంటు వెంట గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం ఉండాలన్నది చాలామందికి తెలుసు. అంతకంటే పనికొచ్చే మాట ఇంకొకటుంది: ఖాతాదారు ఫిర్యాదు పెట్టి ఉంటే, దాన్ని తేల్చే దాకా బ్యాంకు ఆ కేసును వసూలు ఏజెన్సీకి పంపకూడదు. పదేపదే పసలేని ఫిర్యాదులు పెడుతున్నారని ఆధారాలతో తేలితే మాత్రం వసూలు కొనసాగించవచ్చు. అంటే ఫిర్యాదు అనేది వాయిదా మంత్రం కాదు. కానీ నిజమైన వివాదానికి అది గట్టి ఆసరా.

అమెరికాలో 1977 నుంచి వసూలుదారుల మీద ప్రత్యేక చట్టం ఉంది. మొదటి నోటీసు అందిన 30 రోజుల్లో బాకీని రాతపూర్వకంగా కాదంటే, రుజువు పంపే దాకా వసూలుదారు ఆగాలి. ‘ఒక్క లెటర్ పంపితే చాలు, ఏజెంటు నోరు మూతపడుతుంది’ అని చెప్పే సలహాలకు మూలం చాలావరకు ఆ చట్టమే. మన దగ్గర అలాంటి ఒకే చట్టం లేదు. ఉన్నవి బ్యాంకుల మీద, ఫైనాన్స్ కంపెనీల మీద రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధనలు. అందుకే ఇక్కడ లేఖ పోవాల్సింది ఏజెంటుకు కాదు, అప్పు ఇచ్చిన సంస్థ ఫిర్యాదుల అధికారికి.

ఆ లేఖలో ఆవేశం ఎంత తక్కువుంటే అంత మంచిది. ఖాతా నంబరు, ఒప్పుకునే మొత్తం ఎంత, ఒప్పుకోనిది ఎంత, ఎందుకు అన్నవి ముఖ్యం. ‘నేను రూపాయి కూడా బాకీ లేను’ అనే వాక్యం కంటే ‘మార్చి కిస్తీ కట్టిన రసీదు ఇదిగో, మీ స్టేట్‌మెంటులో అది జమ కాలేదు’ అనే వాక్యం బరువైనది. లోను ఒప్పందం నకలు, మొదటి నుంచి ఇప్పటిదాకా ఖాతా స్టేట్‌మెంటు, ఏజెన్సీ పేరు అడగాలి. ఈమెయిల్ అయితే పంపినట్టు ఆధారం ఉంటుంది, స్పీడ్ పోస్టు అయితే రసీదు ఉంటుంది. బ్రాంచికి వెళ్లి ఇస్తే నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి.

స్టేట్‌మెంటు చేతికొచ్చాక జరిమానా మిత్తి ఉన్న చోట వేలు పెట్టి చూడాలి. ఆలస్యానికి అదనపు మిత్తి వేయకూడదనీ, చార్జీ మాత్రమే వేయాలనీ, ఆ చార్జీ మీద మళ్లీ మిత్తి కట్టకూడదనీ 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. 2024 నుంచి అమల్లోకి వచ్చిందిది. చిన్న బకాయి పెద్దదైన సందర్భాల్లో తేడా తరచుగా ఈ గీతల దగ్గరే బయటపడుతుంది.

సంస్థ జవాబుతో పని కాకపోతే తర్వాతి మెట్టు రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్. 2021 నవంబర్ నుంచి బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు, డిజిటల్ చెల్లింపులకు కలిపి ఒకే పథకం నడుస్తోంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 14448 నంబరులో తెలుగులోనూ వివరాలు చెబుతారు. దీనికీ హద్దులున్నాయి. కోర్టులో ఉన్న కేసును తీసుకోరు. లోను ఇవ్వాలా వద్దా వంటి వ్యాపార నిర్ణయాల్లో తలదూర్చరు. 100 కోట్ల కంటే తక్కువ ఆస్తులుండి, డిపాజిట్లు తీసుకోని చిన్న ఫైనాన్స్ కంపెనీలు ఈ పథకం కిందికి రావు. చౌరస్తా మీద బోర్డు పెట్టుకున్న ప్రతి ఫైనాన్సూ అంబుడ్స్‌మన్ పరిధిలో ఉంటుందనుకోవడం పొరపాటు.

ఇంటి ముందుకొచ్చినప్పుడు

రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టు ఆదేశం ప్రకారం పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు. సూక్ష్మ రుణాలకు, అంటే ఏటా 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు తాకట్టు లేకుండా ఇచ్చేవాటికి, ఇంకా గట్టి హద్దు: పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత కూడదు. సూక్ష్మ రుణం వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోటే జరగాలి. వరుసగా రెండుసార్లు అక్కడికి రాకపోతేనే ఇంటికి రావచ్చు. తిట్టడం, బెదిరించడం, చుట్టాలకూ తోటి ఉద్యోగులకూ ఫోన్లు చేసి పరువు తీయడం, బాకీదారు పేరు నలుగురిలో పెట్టడం, ఎంత కట్టాలో తప్పుగా చెప్పడం అన్నీ నిషేధమే.

ఈ నిబంధనల వెనుక తెలుగు నేల చరిత్ర ఉంది. వారం వారం గుంపు వసూళ్లు, ఆత్మహత్యల వార్తల తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో 2010 అక్టోబర్‌లో మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్సు వచ్చింది, తర్వాత అది చట్టమైంది. సంస్థలు జిల్లాలో రిజిస్టర్ చేసుకోవాలి, వారం కిస్తీలు కాదు నెల కిస్తీలే, ఇంటి దగ్గర వసూలు వద్దు అన్నది ఆ చట్టం. దాదాపు ఆ వ్యాపారమే ఇక్కడ నిలిచిపోయింది. రిజర్వ్ బ్యాంకు నియంత్రణలో ఉన్న ఫైనాన్స్ కంపెనీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని కేరళ కేసులో సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అదే దారిలో 2010 చట్టం అలాంటి సంస్థలకు వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023లో తేల్చింది. ఫలితంగా సూక్ష్మ రుణాల ఫిర్యాదు బరువు కలెక్టరేట్ నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనల మీదికి మారింది. హన్మకొండ కలెక్టరేట్‌కు నడిచి వెళ్లగలిగే మహిళకు ఇది దూరం పెరగడమే.

ట్రాక్టర్లు, ఆటోలు, హార్వెస్టర్ల విషయంలో భయమంతా రోడ్డు మీద సీజ్ చేయడం గురించే. అప్పు పూర్తయ్యేదాకా వాహనం మీద కంపెనీకి హక్కు ఉంటుంది. ఆ హక్కును వాడుకోవడానికీ పద్ధతి ఉంది. ఎంత గడువుతో నోటీసు ఇస్తారో, స్వాధీనం ఎలా చేసుకుంటారో, అమ్మే ముందు చివరి అవకాశం ఎలా ఇస్తారో ఒప్పందంలోనే ఉండాలని రిజర్వ్ బ్యాంకు అంటుంది. కండబలంతో బండ్లు గుంజుకునే పద్ధతిని సుప్రీంకోర్టు 2007లోనే తప్పుపట్టింది.

బాకీ కట్టలేదన్న ఒక్క కారణంతో పోలీసులు అరెస్టు చేయరు, అది సివిల్ వ్యవహారం. స్టేషన్ నుంచి మాట్లాడుతున్నామనీ, వారెంటు ఉందనీ చెప్పే ఫోన్లు చాలావరకు బెదిరింపులే. పోలీసులమని అబద్ధం చెప్పడమే నేరం. ప్రాణభయం పెడితే భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్, భయపెట్టి సొమ్ము గుంజితే 308వ సెక్షన్ వర్తించవచ్చు. కాల్ రికార్డింగు, మెసేజ్ స్క్రీన్‌షాట్లు ఇక్కడ పనికొస్తాయి.

లోన్ యాప్‌ల సంగతి వేరు. తీసుకోని అప్పుకు, తీరిన అప్పుకు కూడా ఫోన్లోని నంబర్లందరికీ మార్ఫింగ్ ఫొటోలు పంపే ముఠాల బాగోతం 2020 డిసెంబర్‌లో హైదరాబాద్ కేసులతో బయటపడింది. ఇలాంటివాళ్లకు లేఖలు రాయడం దండగ. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడమే దారి.

మూడేండ్ల లెక్క, వెనక రాసే చెల్లు

నోటు రాసిచ్చిన అప్పుకు మూడేండ్లే గడువని ఊళ్లలో చదువురాని పెద్దమనిషికీ తెలుసు. గడువు దగ్గర పడుతుంటే నోటు తిరగరాయించుకుంటారు, లేదా ఎంతో కొంత కట్టించి నోటు వెనక చెల్లు వేయించుకుంటారు. ఈ ఆచారానికి ఆధారం 1963 నాటి లిమిటేషన్ చట్టం. అడిగినప్పుడు ఇస్తానని 2022 జూన్‌లో రాసిన నోటు మీద 2025 జూన్ దాటాక దావా వేయలేరు. ఆలోపు బాకీ ఉన్నట్టు సంతకంతో ఒప్పుకున్నా, కొంత కట్టి తన రాతతోనో సంతకంతోనో చెల్లు వేసినా, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేండ్లు.

బ్యాంకు పర్సనల్ లోన్లకు, క్రెడిట్ కార్డులకు ఇదే సూత్రం. ‘ఇప్పుడు ఒక 500 కట్టండి, ఈ కాగితం మీద సంతకం పెట్టండి, నెల దాకా మళ్లీ రాను’ అని ఏజెంటు అంటే, ఆ 500 కంటే ఆ సంతకం విలువ ఎక్కువ. అందులో ‘నా బాకీ ఇంత’ అని అంకె ఉంటే, ఒప్పుకోని అంకెను ఒప్పుకున్నట్టే. గడువు దాటిన తర్వాత కట్టే చిన్న మొత్తం పాత గడువును బతికించదు. అయితే కడతానని రాసి సంతకం పెట్టిన కొత్త హామీ మాత్రం కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద కొత్త ఒప్పందంగా నిలుస్తుంది.

కాలదోషం పట్టిన బాకీ అంటే దావాకు దారి మూసుకుపోయిందనే. బాకీ మాయం కాదు. అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో ఆ మచ్చ కనీసం ఏడేండ్లు నిలుస్తుంది. స్థిరాస్తి తాకట్టు ఉంటే గడువు 12 ఏండ్లు. నిజంగా తీసుకున్న అప్పును మూడేండ్లు దాక్కొని ఎగ్గొట్టే ఉపాయంగా దీన్ని చూసినవాళ్లకు కొత్త లోను అవసరమైన రోజు అసలు లెక్క తెలుస్తుంది.

బయటి మిత్తి దగ్గర

రోజువారీ వసూళ్ల గిరిగిరి ఫైనాన్స్, నూటికి మూడు రూపాయల నోట్లు, ఏనుమాముల మార్కెట్లో అడ్తిదారు ఇచ్చే చేబదులు: వీటిలో ఏజెంటు ఉండడు, ఇచ్చినవాడే వసూలుదారు. నెలకు నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. రిజర్వ్ బ్యాంకు నిబంధనలు వీళ్లకు వర్తించవు. వర్తించేది నిజాం కాలంలో, 1349 ఫసలీలో వచ్చిన వడ్డీ వ్యాపారుల చట్టం. లైసెన్సు లేకుండా మిత్తి వ్యాపారం చేయకూడదని అది చెబుతుంది. అమలు ఎంతన్నది వేరే సంగతి. అడ్తి లెక్కల్లో వివాదం వస్తే రైతుకు అమ్మకం లెక్క చీటీ అయిన తక్‌పట్టీయే సాక్ష్యం. మిర్చి అమ్మిన ప్రతిసారీ తక్‌పట్టీ తీసుకుని దాచుకోని రైతుకు, అప్పులోకి ఎంత పట్టుకున్నారో తర్వాత నిరూపించడం కష్టం.

అన్నిటికంటే ప్రమాదం ఖాళీ చెక్కు. అంకె ఎవరు రాసినా, సంతకం తనదని ఒప్పుకుంటే అది బాకీ తీర్చడానికే ఇచ్చిన చెక్కని చట్టం ముందుగా అనుకుంటుంది. సుప్రీంకోర్టు 2019లో ఈ సంగతి మళ్లీ చెప్పింది. ఆ అనుకోలును ఆధారాలతో తిప్పికొట్టవచ్చు, కానీ బరువు చెక్కు ఇచ్చినవాడి మీదే. చెక్కు తిరిగొచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు వస్తుంది. అందిన 15 రోజుల్లో కట్టకపోతే క్రిమినల్ కేసుకు దారి తెరుచుకుంటుంది. లెక్క తప్పని చెప్పదలచుకుంటే ఆ 15 రోజుల్లోనే వకీలు ద్వారా రాతపూర్వక జవాబు పోవాలి. నోటీసు తీసుకోకుండా పోస్ట్‌మ్యాన్‌ను తిప్పి పంపడం తెలివి కాదు. సరైన చిరునామాకు వచ్చినదాన్ని వద్దంటే అందినట్టే లెక్కిస్తారు.

లోక్ అదాలత్ కాగితం, సెటిల్‌మెంటు మాట

జాతీయ లోక్ అదాలత్ తేదీ దగ్గర పడితే బ్యాంకులు కట్టలకొద్దీ నోటీసులు పంపుతాయి. కోర్టు పేరు చూసి కేసు పడిందనుకుని హైరానా పడేవాళ్లు చాలామంది. చాలావరకు అవి కేసు వేయకముందే రాజీ కోసం పిలిచే ప్రీ లిటిగేషన్ నోటీసులు. వెళ్లినంత మాత్రాన ఒప్పుకోవాలని లేదు, ఒప్పుకోకపోతే శిక్షా లేదు. కానీ ఒప్పుకుని సంతకం పెడితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. లెక్క వివాదంలో ఉన్నవాళ్లు స్టేట్‌మెంటు చూడకుండా అక్కడ అంకెకు తలూపకూడదన్నది ఇందుకే. ఉచిత న్యాయ సలహా కోసం న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100.

సెటిల్‌మెంటు మాట ఏజెంటు నోటితో వస్తే దానికి విలువ లేదు. సంస్థ లెటర్‌హెడ్ మీద, ఎంత కడితే ఖాతా పూర్తిగా మూతపడుతుందో రాసి ఇచ్చాకే, సంస్థ ఖాతాలోకే కట్టాలి. తగ్గించి కడితే సిబిల్‌లో ‘సెటిల్డ్’ అని పడుతుంది. అది ‘క్లోజ్డ్’ కాదు. తర్వాత లోను అడిగితే బ్యాంకు ఈ తేడానే చూస్తుంది. సంస్థ తప్పు వల్ల బాకీ చూపించారని నమ్మేవాళ్లు సెటిల్‌మెంటుకు ముందే సిబిల్ వంటి క్రెడిట్ సమాచార సంస్థలో కూడా అభ్యంతరం నమోదు చేయాలి. అలాంటి సంస్థలు నాలుగు. ఒక్కో దాని నుంచి ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితం. ఫిర్యాదు 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది.

బాకీ తేలి, డబ్బు కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుంటేనే ఆ వరుస షీటులోంచి పోతుంది. ఇంటి లోను వంటి వ్యక్తిగత రుణాల్లో అసలు కాగితాలు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. సంస్థ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు ఇవ్వాల్సి వస్తుంది. ట్రాక్టర్‌కైతే అప్పు తీరిందని కంపెనీ సంతకం చేసిన ఫారం 35 ఆర్టీఏ ఆఫీసుకు చేరాలి. చాలామంది దీన్ని మరిచిపోతారు. ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు అలాగే ఉండిపోతుంది. అయిదేండ్ల తర్వాత బండి అమ్మబోతే, తీరిందనుకున్న బాకీ గురించి మళ్లీ అదే కంపెనీకి ఫోన్ చేయాల్సి వస్తుంది.